చెయ్యి పడని వరస

తెనాలి మార్కెట్టు చుట్టూ ఎరువుల కొట్లకు కొదవ లేదు. ఏ కొట్లో చూసినా అవే బస్తాలు, అదే ముక్కు మండే వాసన. అయినా సంగం జాగర్లమూడి నుంచీ, చుట్టుపక్కల పల్లెల నుంచీ రైతులు పనిగట్టుకుని సాంబశివరావు గారి కొట్టుకే వచ్చేవారు. ఎందుకయ్యా అంటే ఆయన చెయ్యి మంచిదట. హస్తవాసి! డాక్టర్లకు ఉంటుందంటారు చూడండి, అదే. నాట్లు పడి పైరు నిలదొక్కుకోగానే బండి పంపించి ఆయన్ని పొలానికి తీసుకెళ్ళేవారు. ఆయన పంచె ఎగ్గట్టి, గట్టు మీద తూర్పుకు తిరిగి నిలబడి, బస్తాలోంచి తొలి గుప్పెడు తీసి చల్లేవారు. ఆ తరవాతే కూలీలు మడిలో దిగేది. చల్లినందుకు ఆయనకు ఒక కొబ్బరి బొండాం, ఆయన కొట్టుకు ఆ ఏటి ఎరువుల బేరమంతా.

ఆ గుప్పెట్లో ఏముందో ఆయనకు తెలుసు. యూరియా ఉంది. యూరియా వేస్తే వారం తిరిగేసరికి ఏ పైరైనా పచ్చబడుతుంది, సాంబశివరావు గారు వేసినా, వాళ్ళ వీధి మలుపులో ఇస్త్రీ బండాయన వేసినా. కానీ ముప్పై ఏళ్ళ పాటు "మీ చెయ్యి చెయ్యి కాదండీ బాబూ" అని పదిమందీ అంటూ ఉంటే, ఎంతటివాడైనా తన చేతిని ఓసారి అటూ ఇటూ తిప్పి చూసుకోడూ? ఆయనా చూసుకున్నారు. చూసుకుని చూసుకుని చివరికి నమ్మేశారు.

బక్కగా ఉన్నదేదీ ఆయన చూస్తూ ఊరుకోలేరు. పైరైనా, పెయ్యదూడైనా, ఇంటికొచ్చిన చుట్టమైనా ఆయనకు కనబడే జబ్బు ఒకటే, బలం చాలకపోవడం. దానికి మందూ ఒకటే, ఇంకాస్త వెయ్యడం. భోజనానికి పిలిచారంటే విస్తరి ముందు కాపలా కాసేవారు. "చాలండీ" అన్నవాడికి ఇంకో గరిటె నెయ్యి ఖాయం. ఆ ధాటికి ఆయనకూ, భార్య భ్రమరాంబ గారికీ, వియ్యంకుడికీ వరసపెట్టి షుగరు వచ్చింది. భ్రమరాంబ గారు మాట మింగే మనిషి కాదు. పెరట్లో గులాబీ మొక్కకు ఆయన యూరియా పోస్తుంటే కిటికీలోంచి కేకేసేవారు.

"దానిక్కూడా షుగరు తెప్పిస్తారా ఏంటండీ?"

ఈమధ్యే కొట్టు కొడుకు అభినవ్ చేతికి వచ్చింది. బేరం అతనిదే, కుర్చీ అతనిదే. తండ్రి కొట్టుకు వెళితే, "కూర్చో నాన్నా, టీ తాగుతావా?" అని అడిగేవాడు, ఏ ఊరి నుంచో వచ్చిన పెద్దమనిషిని అడిగినట్టు. ఆయనకు మిగిలింది ఆ తొలి గుప్పెడు ఒక్కటే. ఫోను మోగి "సాంబయ్య గారూ, రేపు మా చేలో" అన్నారంటే ఆ రోజు ఆయన నడకే వేరుగా ఉండేది. ఆ ఫోను మోగని రోజు వస్తే తనేమైపోతానోనని ఆయనకు లోపల గుబులు. ఆ చెయ్యి పేరు పోతే మిగిలేదేముంది? తెనాలిలో పొద్దున్నే నడిచి, షుగరు మాత్ర వేసుకుని, పేపరు తిరగేసే పెద్దమనుషుల్లో ఇంకొకరు. ఆ ఊహకే ఆయనకు ముద్ద దిగేది కాదు. దిగకపోయినా తక్కువేమీ తినేవారు కాదనుకోండి.

అలాంటి సమయంలో ఆయన నెత్తిన వనం పడింది.

ఆయనతో పాటు పొద్దున నడిచేవాళ్ళకొక సంఘం ఉంది. దానికి అధ్యక్షులు శేషగిరిరావు గారు, రిటైరైన హెడ్మాస్టరు. నడక తక్కువ, ఫొటోలు ఎక్కువ. సంఘంలో ఒకాయనకు బాపట్ల అవతల, సముద్రం వైపు సరుగుడు తోట ఉండేది. తోట కొట్టించి కర్ర అమ్ముకున్నాక మిగిలిన ఇసుక దిబ్బను, దేశవాళీ చెట్లతో మళ్ళీ అడవి పెంచమని సంఘానికి అప్పగించాడు. దాన్ని కొనేవాడు దొరక్క ఇచ్చాడని గిట్టనివాళ్ళు అన్నారు. గిట్టేవాళ్ళూ అన్నారు, కాకపోతే మెల్లగా.

కానుగ, నేరేడు, ఉసిరి, మారేడు, పొగడ మొక్కలు తెప్పించారు. నాటే రోజున సాంబశివరావు గారు మైకు అందుకున్నారు. మైకు అందితే మనిషికి ఏమవుతుందో మీకు తెలియనిదా!

"ఈ కార్తీకం కాదు, పై కార్తీకానికి మన వనభోజనాలు ఇక్కడే. మన చేత్తో పెంచిన ఉసిరిచెట్టు నీడలోనే విస్తళ్ళు వేస్తాం. పూచీ నాది!"

ఏడాదిన్నర కూడా నిండని ఉసిరి మొక్క కింద కోడిపిల్ల కూడా ఒళ్ళు దాచుకోలేదు. ఈ సంగతి అక్కడున్న వాళ్ళలో సగం మందికి తెలుసు. అయినా చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకముందే శేషగిరిరావు గారు ఆ మాటను సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. ఇక వెనక్కి తీసుకునే దారి లేకుండా పోయింది.

ఆ మాటకు చప్పట్లు కొట్టనిది ఒక్క మైథిలి. ఆవిడ సాంబశివరావు గారి కోడలు, రేపల్లె అమ్మాయి, బాపట్లలో మట్టి శాస్త్రం చదివి ఒక ల్యాబులో మట్టి పరీక్షలు చేస్తుంది. మామగారు యూరియా బస్తాలు దింపిస్తుంటే దగ్గరికి వచ్చింది.

"మామయ్యగారూ, వీటికి యూరియా వద్దండి."

"వద్దేంటమ్మా? ఇసుకలో ఏముంది, బూడిద! బలం వెయ్యకపోతే ఎలా లేస్తాయి?"

"ఇవి వరి కాదండి, నాలుగు నెలల్లో కోసుకోవటానికి. ఇలాంటి పేద నేలల్లో బతకటం వీటికి అలవాటే. మొదట్లో పైకి రావు, నీళ్ళు వెతుక్కుంటూ కిందకి పోతాయి. పైన లేవట్లేదు కదా అని మనం నత్రజని పోస్తే ఆకు మీద ఆకు వేస్తాయి గానీ వేరు దిగదు. పోసిందాంట్లో సగం వానకి ఇసుకలోంచి జారిపోద్ది, మిగిలింది గడ్డి తినేస్తది. కానుగకైతే అసలే వద్దు. దాని వేళ్ళకి బుడిపెలుంటాయి, గాల్లో నత్రజని అదే తెచ్చుకుంటది. మనం అప్పనంగా పెడితే ఆ పని మానేస్తదండి."

"మరి వీటికేం వద్దా?"

"కొన్నిటికి కావాలేమో. నేరేడుకి కాస్త భాస్వరం కావాలేమోనని నా అనుమానం. కచ్చితంగా తెలీదండి, చూడాలి."

తెలీదట! ముప్పై ఏళ్ళ వ్యాపారంలో సాంబశివరావు గారు ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఆకు ముడుచుకున్నా, చివర ఎండినా, అసలు విత్తనమే మొలవకపోయినా, రైతు నోరు తెరిచేలోపే ఆయన దగ్గర ఒక బస్తా పేరు సిద్ధంగా ఉండేది. చదువుకుని కూడా తెలీదనేదానికి ఆ చదువెందుకని ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే పెద్ద మనసు చేసుకున్నారు. అందరూ వింటుండగా ప్రకటించారు.

"సరేనమ్మా! సముద్రం వైపు ఆ చివరి వరస నీది. దాని మీద నా చెయ్యి పడదు. పై ఏటికి తేడా పదిమందీ చూస్తారుగా!"

అన్నంత పనీ చేశారు. ఆ ఒక్క వరస తప్పించి తక్కిన మొక్కలన్నిటికీ తూర్పు తిరిగి తొలి గుప్పెడు వేశారు. తెనాలి నుంచి బాపట్ల దాకా కారులో బస్తాలు వేసుకుని వస్తూ, మలి గుప్పెడూ, దాని పై గుప్పెడూ కూడా వేశారు.

మొదటి శీతాకాలం ఆయన వైభవం చూడాలి మీరు! ఇసుకలో నల్లటి పచ్చదనం. నేరేడు ఆకులు అరచెయ్యంత. కానుగ మొక్కలు నిటారుగా, సన్నగా, మనిషి భుజం దాకా లేచాయి. మైథిలి వరసేమో మోకాలి దగ్గరే ఉంది. అందులో నేరేడు మొక్కలు కొన్ని పసుపురంగుకు తిరిగి చచ్చిపోయాయి కూడా. శేషగిరిరావు గారు రెండు వరసల మధ్య నిలబడి ఫొటో తీయించుకుని, 'హస్తవాసి అంటే ఇదీ' అని గ్రూపులో పెట్టారు. కింద దండాలు, పూలు, చప్పట్లు కుప్పలుగా పడ్డాయి. సాంబశివరావు గారు ఆ ఫొటోను ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చూపించారు. పాలాయనకు రెండుసార్లు చూపించారు.

"నీ నేరేడు పోయిందిగా, ఏమంటావమ్మా?" అని కోడల్ని కూడా అడిగారు.

"పోయినవి పోయాయండి. ఎందుకు పోయాయో చూస్తున్నా. వేరు చూద్దామని ఒకటి పీకాను, మీరూ ఓసారి మీ వరసలో ఒకటి పీకి చూస్తారా?" అంది మైథిలి.

"బతికిన మొక్కని పీకుతారా ఎవరైనా?" అని ఆయన ఒంటికాలి మీద లేచారు. తను చెప్పిన మాట నిజమని నిరూపించుకోవడానికి పిల్ల ఎంతకైనా తెగిస్తోందనుకున్నారు.

వేసవి వచ్చింది. ఆయన చల్లిన బలమంతా మొక్కకంటే ముందు గడ్డికి అందింది. తుంగా, గరికా, పేరు తెలియని ముళ్ళ గడ్డీ నడుము ఎత్తున లేచి, ఉన్న తడినంతా తాగేసి, తామూ ఎండాయి. ఆకుల చివర్లు మాడాయి. ఆయనకు తెలిసిన మందు ఒకటే గనక, తొలకరి పడగానే ఇంకో మోతాదు వేశారు. మళ్ళీ పచ్చబడ్డాయి. హమ్మయ్య అనుకున్నారు. కార్తీకం ఇక ఎంతో దూరం లేదు.

ఆశ్వయుజంలో ముసురు పట్టింది. పెద్ద తుఫానేమీ కాదు, సముద్రపు ఒడ్డున ఏటా వచ్చే ఈదురుగాలే. గాలి తగ్గాక సాంబశివరావు గారు ఒక్కరే కారేసుకుని వెళ్ళారు. వెళ్ళి చూస్తే ఏముంది, మొక్కలన్నీ ఒకే వైపుకు పడుకుని ఉన్నాయి. ఆయన భుజమంత ఎత్తు కానుగను లేవనెత్తబోయారు. అది చేతిలోకి ఊడి వచ్చింది. కింద వేరు చూస్తే ముల్లంగంత కూడా లేదు. ఏ బుడిపెలూ లేవు. ఇంకోటి లాగారు. అదీ అంతే. ఆ పక్కన మైథిలి వరస బొడ్డెత్తున, మొరటుగా, గిడసబారిన ముసలాళ్ళలా నిలబడి ఉంది. సముద్రపు గాలి మొదట తగిలేది ఆ వరసకే. ఆయన అక్కడికి వెళ్ళి ఒక కానుగ మొదలు పట్టుకుని గట్టిగా గుంజారు. అది కదల్లేదు. ఆయన నడుమే పట్టేసింది.

ఆ ఇసుకలో కూలబడ్డప్పుడు ఆయనకు గుర్తొచ్చింది మొక్కలు కాదు, మధుబాబు. సంగం జాగర్లమూడి రైతు. వాళ్ళ నాన్న కాలం నుంచీ ఈయన చెయ్యి పడందే ఎరువు వెయ్యరు. ఆ చేనికి మొదట్లో ఎకరానికి ఒక బస్తా చాలేది. తరవాత రెండయింది. ఇప్పుడు మూడు వేసినా "ఏంటో బాబాయ్, నేల లేవట్లేదు" అంటాడు. అన్నప్పుడల్లా ఈయన ఇంకో బస్తా చెప్పారు. ఇన్నాళ్ళూ అది వైద్యమనే అనుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక భ్రమరాంబ గారు పెట్టిన అన్నంలో నెయ్యి వేసుకోవడం మర్చిపోయారు. ఆవిడ కంగారుపడి నుదుటి మీద చెయ్యి వేసి చూశారు.

"జ్వరమా ఏంటండీ?"

"కాదు," అన్నారాయన.

చెప్పిన ముహూర్తానికి వనభోజనాలు రానే వచ్చాయి. పూచీ పడ్డ నీడ లేదు గనక షామియానా వేయించారు. పూజకు మైథిలి వరసలోని ఉసిరి మొక్కే దిక్కయింది. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఆడవాళ్ళందరూ ఇసుకలో వంగి వంగి ప్రదక్షిణం చేశారు. పడిపోయిన మొక్కల సంగతి ఎవరైనా అడిగితే శేషగిరిరావు గారి దగ్గర జవాబు తయారుగా ఉంది.

"ఉప్పుగాలి! సాంబశివరావు గారు మాత్రం ఏం చేస్తారు?"

ఉప్పుగాలి ఆ చివరి వరసను ఎందుకు వదిలేసిందని ఒక్కరూ అడగలేదు. పులిహోర బాగుంది.

అడగనిది సంఘం వాళ్ళే. మధుబాబు రైతు. భోజనానికి పిలిస్తే వచ్చినవాడు విస్తరి ముందు కూర్చోకుండా ఆ వరస పొడుగునా నడిచాడు, వంగి మొదళ్ళు చూశాడు, ఆకు నలిపి వాసన చూశాడు. వచ్చి సాంబశివరావు గారి ఎదురుగా నిలబడ్డాడు.

"బాబాయ్, ఆ చివరి వరసకి ఏం వేశారు?"

నలుగురూ ఇటు తిరిగారు. సాంబశివరావు గారి పక్కనే కూర్చున్న అభినవ్ చెవి దగ్గరికి వంగాడు.

"నాన్నా, కొత్త గుళికలని చెప్పు. గోడౌన్లో లారీ సరుకుంది. నీ పేరూ నిలబడుద్ది, సరుకూ పోద్ది."

ఒక్క మాట చాలు. అది అలవాటైన మాటే, ముప్పై ఏళ్ళుగా నాలిక చివర కూర్చున్న మాటే. ఆ మాటంటే రేపూ ఫోను మోగుతుంది, ఎల్లుండీ మోగుతుంది. అనకపోతే ఆ చెయ్యి ఇవాళ్టితో సరి. ఎదురుగా మధుబాబు కళ్ళు ఆశగా చూస్తున్నాయి. వాళ్ళ నాన్న కూడా అచ్చం ఇలాగే చూసేవాడు. పందిరి కొసన మైథిలి నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల చూపు తిప్పుకుంది.

"ఏమీ వెయ్యలేదు మధూ," అన్నారు.

"అబ్బా, చెప్పండి బాబాయ్!"

"నిజమేనయ్యా. వేసవిలో నీళ్ళు పోశారు, కలుపు పీకి ఆ గడ్డే మొదళ్ళ చుట్టూ కప్పారు. అంతకుమించి ఏం లేదు. నేను చెయ్యేసినవన్నీ చచ్చినయ్. వెయ్యనివి బతికినయ్. నీ చేలో కూడా నేను..."

మాట పూర్తికాకముందే శేషగిరిరావు గారు పకపకా నవ్వి, "చూశారా వినయం! పెద్దవాళ్ళ లక్షణం!" అన్నారు. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని నవ్వారు. నవ్వనిది మధుబాబు ఒక్కడే. అతని మొహం నల్లబడింది.

"చెప్పటం ఇష్టం లేకపోతే మానెయ్యండి. మా నాన్న దగ్గర్నించీ మీరు ఏది వెయ్యమంటే అది వేశాం, ఎందుకని ఒక్కసారి అడగలా. అట్టాంటిది నాకా అబద్ధం చెబుతారు?"

ఉమ్మెత్తకాయ తిన్నవాడిలా సాంబశివరావు గారు నోరు తెరిచి మూశారు. జన్మలో మొదటిసారి, అదీ పదిమందిలో, ఉన్నది ఉన్నట్టు చెప్పారాయన. అబద్ధాలకోరన్న పేరు కూడా జన్మలో మొదటిసారి అప్పుడే వచ్చింది. మధుబాబు చెప్పులేసుకుని ఇసుకలో పడి వెళ్ళిపోతున్నాడు. "మధూ, నా మాట విను," అని ఆయన లేవబోయారు. ఈలోగా అభినవ్ చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తాడు. కార్ల దగ్గర మధుబాబును ఆపి, భుజం మీద చెయ్యేసి, చెవిలో ఏదో చెప్పాడు. కొత్త మందనీ, ఇంకా మార్కెట్లోకి రాలేదనీ, నలుగురిలో పేరు బయటపెట్టకూడదనీ చెప్పి ఉంటాడు. దూరం నుంచే సాంబశివరావు గారికి తెలిసిపోయింది. ఆ మాటలు అతనికి నేర్పింది ఆయనే కదా!

మధుబాబు మొహం విప్పారింది. గబగబా వెనక్కి వచ్చి, ఆయన ముందు ఇసుకలో గొంతుకూర్చుని, ఆయన కుడిచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఏదో కోపంలో అన్నాను బాబాయ్, మనసులో పెట్టుకోమాకండి. నలుగురిలో చెప్పకూడదని నాకేం తెలుసు? రేప్పొద్దున్నే బండి పంపిస్తా, మినప చేలో మీరే వెయ్యాలి."

"వద్దురా," అన్నారు సాంబశివరావు గారు. "నాయనా, వద్దు."

ఆయన చెయ్యి వెనక్కి లాక్కోబోయారు. మధుబాబు వదల్లేదు.